స్తంభం బదులు పరదేశినాయుడు

పూసలరేవు పాత సుంకం కచేరీ వసారాలో మూల స్తంభం మరమ్మతు కోసం దిగి వెళ్లిన రోజున, బెల్లం వ్యాపారి బొడ్డేడ పరదేశినాయుడు దాని చోట నిలబడి దూలాన్ని భుజాల మీదికి తీసుకున్నాడు. స్తంభం నడుచుకుంటూ బజారుకు వెళ్లి ఆయన కొట్టు చూసుకోసాగింది.

ఇందులో ఎవరూ వింతపడింది లేదు. పురాతన కట్టడాల శాఖ వారి నియమమే అది. కట్టడంలో బరువు మోసే భాగం దేన్నయినా బాగుచేయడానికి తీసినప్పుడు, ఆ బరువును స్వచ్ఛందంగా ముందుకొచ్చిన పౌరుడు మోయాలి. ఆ పౌరుడి ఇంటికీ వ్యాపారానికీ లోటు రాకుండా తీసిన భాగం వెళ్లి అతని పనులు చూడాలి. ఇనప జాకీలు పెట్టొచ్చు కదా అని మొదట్లో ఎవరో అడిగితే, జాకీలు సంప్రదాయ పద్ధతి కాదని శాఖ జవాబిచ్చింది. మనుషుల మీద బరువు పెట్టడం మాత్రం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే కాబట్టి దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పరదేశినాయుడు ఊరికే ఏ పనీ చేసే మనిషి కాదు. పొద్దున్న లేచి ఏ కాలు ముందు కింద పెడితే ఏం కలిసొస్తుందో చూసుకుని మరీ మంచం దిగే రకం. ఓడలు రావడం మానేశాక సుంకం కచేరీలో రిజిస్ట్రేషన్ ఆఫీసు పెట్టారు. భూమి కొన్నవాడూ అమ్మినవాడూ అన్నదమ్ములతో పంచుకున్నవాడూ ఎవరైనా సరే ఆ వసారాలో కొంతసేపు పడిగాపులు పడక తప్పదు. అలాంటి చోట రోజంతా నిలబడితే ఊరందరి కళ్లలోనూ పడతాం, కొట్టు మీద బోర్డు రాయించిన దానికంటే అదే ఎక్కువ అని ఆయన లెక్క. పైగా పాత కట్టడం అంటే ఆయనకు నిజంగానే ఇష్టం. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో దస్తావేజు పనికి వచ్చి, ఆ మూల స్తంభానికే ఆనుకుని నిద్రపోయిన మనిషి. ఈ ఇష్టాన్ని మాత్రం ఆయన లెక్కలో వేసుకోలేదు. దేనికింద వేయాలో తెలియలేదు.

నిలబడటమే కాదు, బెల్లం కూడా తనే ఇచ్చాడు. ఆ కాలపు కట్టడాలకు సిమెంటు పనికిరాదు, గానుగ సున్నమే వాడాలి. గుల్లసున్నం, ఇసుక కలిపి రాతి గానుగలో వేసి, కరక్కాయలు నానిన నీళ్లూ బెల్లపు నీళ్లూ పోసుకుంటూ వెన్నలా అయ్యేదాకా ఎద్దు చేత తిప్పిస్తారు. శాఖ వాళ్లు బెల్లం కోసం బజారుకు వస్తే మిగతా వ్యాపారులు ఎవరూ కొనని నల్ల దిమ్మలు ఏరి ఇచ్చారు. పరదేశినాయుడు మాత్రం కొట్లో మొదటి రకం తీయించాడు. పసుపు పచ్చగా, చేత్తో పట్టుకుంటే మెరిసిపోతున్నట్టు ఉంది. గోడకు పోసేదే కదా అని ఆయన తక్కువ చేయలేదు. ఇచ్చేటప్పుడు నలుగురూ చూస్తారు. శాఖ సహాయ ఇంజనీరు హైమవతి ఆ దిమ్మలు చూసి ముచ్చటపడి, మిగతా వాళ్ల నల్లబెల్లాన్ని మర్యాదగా వెనక్కి పంపించేసింది. అంతకు ముందు విడతలోనూ అలాగే జరిగింది. వసారాలో బాగుచేసిన స్తంభాలన్నింటికీ పోసింది ఆయన బెల్లమే.

స్తంభానికి పాత పూత గీకి కొత్త పూత వేసింది బంగారయ్య మేస్త్రి. పూత గట్టిపడేదాకా గోనెసంచులు చుట్టి, రెండు పూటలా నీళ్లు కొడుతూ ఉండాలి. అది పరదేశినాయుడి భార్య నూకరత్నం చూసుకుంటుంది. స్తంభం బజారులో నడిచి వస్తుంటే ఆవిడ గుమ్మంలోకి ఎదురు వెళ్లి, దాని ఎత్తుకు తలుపు చాలదని గ్రహించి, కొట్టు ముందు పందిరిలో చోటు చూపించింది.

నిలబడటం పరదేశినాయుడు అనుకున్నంత సుళువు కాలేదు. పక్క స్తంభం చోట అంతకు ముందు విడతలో చేరిన దాడి వీరభద్రరావు మాస్టారు ఉన్నారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి.

"బరువు నెత్తిన ఉంచుకోకు నాయుడూ. మడమల్లోకి దించీ. నేల తీసుకుంటాది" అన్నారాయన.

"మా నాన్న పోయిన దగ్గర్నుంచి నెత్తినే ఉన్నాది మాస్టారూ. దించడం అలవాటు లేదు."

"అందుకే నీ మెడ పొట్టి అయిపోనాది" అన్నారు మాస్టారు.

జనం ఆయనకు ఆనుకుని నిలబడేవారు. తాంబూలం వేసుకుని వేలికి మిగిలిన సున్నం ఆయన చొక్కాకు రాసేవారు. ఆయన కూడా జన్మంతా స్తంభాలకు రాసినవాడే కనుక ఏమీ అనలేకపోయేవాడు. ఒకసారి ఎవరో ఆయన వీపు మీద ప్లాట్ల అమ్మకం కాగితం అంటించి వెళ్లారు. అది ఎక్కడి వెంచరో చదువుకోలేక ఆయన రెండు రోజులు బాధపడ్డాడు.

మధ్యాహ్నం నూకరత్నం కేరియర్ తెచ్చేది. దూలం భుజాల మీద ఉండగా చేతులు కిందికి దించే వీలు లేదు కాబట్టి ఆవిడే అన్నం కలిపి ముద్దలు పెట్టేది. పెళ్లి పీటల మీద తప్ప ఆవిడ చేతి ముద్ద ఆయన తిన్నది లేదు. మొదటి రోజు సిగ్గుతో నమల్లేకపోయాడు. వారం తిరిగేసరికి కేరియర్ చప్పుడు వినిపిస్తే చాలు, రిజిస్ట్రేషన్ వాళ్ల రణగొణ ఏదీ ఆయన చెవికి ఎక్కేది కాదు.

"కొట్లో అదేటి చేస్తంది?" అని అడిగేవాడు ముద్దకీ ముద్దకీ మధ్య.

"నిలబడుంటాది."

"బేరాలు?"

"మీరున్నప్పటికంటే బాగున్నాయి. తగ్గించమని ఎంత అడిగినా అది మాటాడదు కదా. చూసి చూసి వాళ్లే మెత్తబడి తీసుకుపోతన్నారు."

పరదేశినాయుడు నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని ఆలోచించేవాడు. వచ్చినవాడి చెప్పులు చూసి ధర చెప్పడం, వాడు లేచి రెండడుగులు వేశాక వెనక్కి పిలవడం, కుశలం అడుగుతూ తూకం వేయడం, ఇదంతా నేర్చుకోవడానికి ఒక జీవితం పట్టింది. ఊరికే నిలబడినా సరిపోతుందని ఎవరూ చెప్పలేదు.

సున్నం గట్టిపడాల్సిన సమయం వచ్చింది. బంగారయ్య మేస్త్రి ఇంటింటికీ తిరిగి స్తంభాల మీద బొటనవేలు అదిమి చూసి, వసారాకు వచ్చి చెప్పాడు.

"దిగిపోతంది బాబూ. ఇడ్లీ పిండిలా ఉన్నాది. అన్నీ అంతే."

ఇంజనీరు హైమవతి గడువు పొడిగించింది. వర్షాలు వచ్చాయి, వెళ్లాయి. మళ్లీ పొడిగించింది. మంచి మనిషే. పొడిగించిన ప్రతిసారీ వసారా పొడుగునా ఒక్కొక్క స్తంభం దగ్గరా ఆగి, కాళ్లు ఎలా ఉన్నాయని అడిగి వెళ్లేది. వాతావరణంలో తేమ ఎక్కువగా ఉందనీ, కరక్కాయలు లేతవి పడి ఉంటాయనీ, ఎద్దు సరిగ్గా తిరగలేదేమోననీ శాఖలో చర్చలు జరిగాయి. ఎద్దును మార్చారు.

ఎందుకు గట్టిపడటం లేదో ఆ వసారాలో ఒక్క పరదేశినాయుడికే తెలుసునని పరదేశినాయుడి నమ్మకం. చెరుకు పాకం మామూలుగా ఉడికిస్తే బెల్లం నల్లగా, కనీసం ముదురు ఎరుపుగా వస్తుంది. అది బజారులో నిలవదు. పసుపు పచ్చగా రావాలంటే పాకంలో హైడ్రోస్ పొడి చల్లాలి. చల్లించేది రైతే అయినా, చల్లితే గాని కొననని చెప్పేది వ్యాపారి. రంగు విరిచేసే ఆ పొడి సున్నం పట్టునూ విరిచేసిందని, మేస్త్రి బొటనవేలు దిగిందన్న రోజే ఆయనకు అర్థమైంది. తను ఇచ్చింది మొదటి రకం కాబట్టి పొడి కూడా మొదటి రకంగానే పడి ఉంటుంది. సిగ్గుపడుతూ నల్లదిమ్మలు ఇచ్చిన వాళ్లవి వాడి ఉంటే ఈపాటికి అందరూ ఇళ్లలో ఉండేవాళ్లు.

ఈ సంగతి చెప్పాలా వద్దా అన్నదాన్ని ఆయన త్రాసులో వేసి చూశాడు. చెబితే, తాతల నాటి కొట్టు పేరు పోతుంది. బొడ్డేడ వారి బెల్లం అంటే నైవేద్యానికి అడిగి తీసుకెళతారు. చెప్పకపోతే, తను ఇక్కడే ఉండిపోతాడు. ఒక రోజు ఈ పళ్లెం దిగేది, ఒక రోజు ఆ పళ్లెం. దూలం మాత్రం ఎప్పుడూ ఒకేలా దిగి ఉండేది.

ఒక మధ్యాహ్నం మాస్టారు నవ్వుతూ ఇంటి కబురు చెప్పారు. ఆయన భార్యకు చూపు తగ్గింది. ఆయన బదులు ఇంటికి వచ్చిన స్తంభాన్ని పట్టుకుని వాకిట్లోకీ పెరట్లోకీ తిరుగుతోంది. అది కూడా ఆవిడ నడకకు తగ్గట్టు నెమ్మదిగా నడుస్తుందట. ఈ మధ్య దాన్ని 'ఏమండీ' అని పిలుస్తోందని కోడలు వచ్చి చెప్పింది.

"నేను పక్కన నడిచినప్పుడు ఎప్పుడూ నాలుగడుగులు ముందుండేవాణ్ని లే" అన్నారు మాస్టారు. "దాన్ని తప్పు పట్టడానికి లేదు." ఆ తర్వాత చాలాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. స్తంభాలు మాట్లాడకపోవడం మామూలే కాబట్టి వసారాలో అది ఎవరూ గమనించలేదు.

పరదేశినాయుడు గమనించాడు. ఆ రోజు నూకరత్నం అన్నం కలుపుతుండగా గొంతు తగ్గించి చెప్పాడు.

"రత్నం, ఆ సున్నం గట్టిపడదు."

"ఏం, ఎందుకు గట్టిపడదు?"

"నేనిచ్చిన బెల్లంలో హైడ్రోస్ ఉన్నాది."

"ఉంటాది. మన కొట్లో లేనిదెక్కడ?" అంటూ ఆవిడ ముద్ద అందించింది.

"నీకు తెలుసా?"

"ఇన్నేళ్లు కాపరం చేసి ఆమాత్రం తెల్దేటి. మన కొట్టు బెల్లంతో ఇంట్లో ఎప్పుడన్నా పరమాన్నం వండేనా? మీరు తింటన్నది మా అన్నయ్య తోటలో వండిన నల్లబెల్లం."

"నువ్వు పాకం మాడ్చీస్తన్నావనుకున్నాను."

"అనుకోండి. మాడిందని అంటూనే రెండోసారి వడ్డించుకునీవోరు."

ఆయన ముద్ద మింగి, అసలు సంగతికి వచ్చాడు. "మరి మన స్తంభం?"

"అదెప్పుడో గట్టిపడిపోనాది. మేస్త్రి బొటనవేలు దిగిందన్న మర్నాడే పైపూత గీకించీసి మా అన్నయ్య బెల్లం పోసి మళ్లీ వేయించేను. ఇప్పుడు మేకు కొట్టినా దిగదు."

"మేస్త్రి చెప్పలేదే."

"నేనే వద్దన్నాను."

పరదేశినాయుడికి కోపం రావాలి. తల తిప్పే వీలు లేక అది మెడ దగ్గరే ఆగిపోయింది. "ఎందుకు?" అన్నాడు.

నూకరత్నం కేరియర్ గిన్నెలో మిగిలిన మెతుకులు దగ్గరికి తీసింది. "ఏటో, ఇల్లు నిమ్మళంగా ఉన్నాది. ఏదన్నా సెప్తే అది చివరిదాకా వింటాది, మధ్యలో లెక్క కట్టదు. మీరేమో ఇక్కడ నేను పెడితే గాని తినరు. ఇదీ బాగానే ఉన్నాది. నీళ్లు దానికి, ముద్దలు మీకు. ఎవరికి తక్కువ చేసేను?" అని, ఆఖరి ముద్ద ఆయన నోటికి అందించి మూతి తుడిచింది. "వచ్చీండి. రావద్దన్నానేటి. వచ్చినా ముద్దలే పెడతాను గాని, చేతులున్నాయి కదా అని ఊరు నవ్వుతాది."

ఆయన దిగి వెళ్లిపోవచ్చు. స్తంభం గట్టిపడింది, నియమం తీరింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు, కొట్టు పేరు కూడా ఉన్నచోటే ఉంటుంది. ఇంత లాభసాటి బేరం ఆయనకు బజారులో ఎప్పుడూ తగల్లేదు. పక్కన మాస్టారు కళ్లు మూసుకుని ఉన్నారు. ఆయన పెదవులు మాత్రం కదులుతున్నాయి, ఎక్కాలు చదువుకుంటున్నట్టు. ఆ పక్కన పడవల పెంటయ్య, దర్జీ సాహెబు, ఇంకా ఆ వరుసంతా తన బెల్లం మీద నిలబడి ఉంది.

ఇంజనీరు హైమవతి వచ్చినప్పుడు పరదేశినాయుడు వసారా అంతటికీ వినిపించేలా చెప్పాడు. బెల్లం తనదేననీ, అందులో పొడి ఉందనీ, అందుకే సున్నం పట్టలేదనీ, తన కొట్లో మొదటి రకం అంటే పొడి ఎక్కువ పడిన రకమేననీ, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పి కళ్లు మూసుకున్నాడు. తాతల పేరు కూలిన చప్పుడు కోసం ఎదురుచూశాడు.

ఏ చప్పుడూ రాలేదు. మెట్ల మీద కూర్చున్న దస్తావేజు లేఖరి తల ఎత్తకుండానే "తెలుసు కదా నాయుడుగారూ" అన్నాడు.

"పచ్చగా లేపోతే మా ఇంట్లో ముట్టరు" అంది క్యూలో ఉన్న ఒకావిడ. "దీపావళికి నాక్కాస్త మంచి రంగున్నది తీసి ఉంచండి."

నిండు బస్తా అనుకుని నడుం బిగించి ఎత్తితే ఖాళీ సంచి చేతికొచ్చినట్టయింది పరదేశినాయుడికి. ఇన్నాళ్లు దాచిన దాన్ని బజారులో పెడితే దానికి ధర లేదు. ఆయన మెల్లిగా కళ్లు మాత్రం పక్కకు తిప్పాడు. "మీకూ తెలుసా మాస్టారూ?"

"మంచి బెల్లం పోసిన సున్నానికి మొదట్లో చీమలు పడతాయి నాయుడూ. నా స్తంభం దగ్గరికి ఒక్క చీమ రాలేదు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు నొచ్చుకుంటావని. పక్కపక్కన నిలబడాల్సిన వాళ్లం కదా" అన్నారు మాస్టారు.

హైమవతి చేతిలోని ఫైలు మూసేసింది. "ఇది నేను ఫైలులో పెట్టలేనండి. పెడితే ఆ బెల్లం ఎంచింది నేనని కూడా పెట్టాలి. నల్లబెల్లం ఉంటే మళ్లీ పూత వేయిద్దాం. కానీ కొత్తగా పూత వేస్తున్నట్టు చూపించాలంటే కొత్త స్వచ్ఛంద సేవకుడు కావాలి. ఒక్కో స్తంభానికి ఒక్కొక్కరు. ఇంతమంది ఎక్కడ దొరుకుతారు?"

"ఒక్కడు చాలండి" అన్నాడు పరదేశినాయుడు. "ఒకదాని తర్వాత ఒకటి."

అలా మూల స్తంభం బజారు నుంచి నడిచి వచ్చి, దూలం కింద తన చోట సర్దుకుంది. పరదేశినాయుడు బయటికి అడుగు వేసి, చేతులు ఒకసారి కిందికి దించి, అవి ఉన్నాయని చూసుకుని, పక్కకు జరిగి మాస్టారి దూలం తీసుకున్నాడు. మాస్టారు ఇంటికి వెళ్లారు. మాస్టారి స్తంభం, నియమం ప్రకారం, బెల్లం కొట్టుకు వెళ్లింది. నూకరత్నం పాత పూత గీకించి, అన్నయ్య బెల్లం పోయించి, గోనెసంచులు చుట్టింది. మాస్టారి భార్య ఆయన చెయ్యి పట్టుకుని తడిమి, "ఏమండీ, ఇంత సన్నబడిపోయారేటి" అందట. ఇప్పుడాయన ఆవిడ నడకకు తగ్గట్టే నడుస్తున్నారట.

శాఖ వారు కారణం రాయకుండా ఒక ఉత్తర్వు కూడా ఇచ్చారు. పురాతన కట్టడాల ఆరోగ్యం దృష్ట్యా ఇకపై వాటికి పొడి కలవని నల్లబెల్లం మాత్రమే వాడాలి, ప్రతి దిమ్మనూ పరీక్షించి తీసుకోవాలి, పచ్చ బెల్లం కట్టడాల దరిదాపులకు రాకూడదు. మనుషుల ఊసు అందులో లేదు. మనుషులు ఆ శాఖ కిందికి రారు.

పరదేశినాయుడు కొట్లో నల్లబెల్లం ముందు వరుసలో పెట్టమని భార్యకు చెప్పి పంపాడు. ఆవిడ పెట్టింది. మర్నాడు ముద్ద పెడుతూ, "ఎవరూ ముట్టలేదు. రంగేది అంటన్నారు" అంది. తర్వాత రోజూ అంతే. ఆ బెల్లమంతా గానుగకు వెళ్లింది. పచ్చది ఎప్పటిలాగే ఇళ్లకు వెళ్లింది.

మాస్టారి స్తంభం గట్టిపడి తన చోటికి వచ్చాక, పరదేశినాయుడు పెంటయ్య మోస్తున్న దూలం తీసుకున్న కొత్తలో, ఒక మధ్యాహ్నం, నడుం మీద పిల్లాణ్ని ఎత్తుకున్న ఒక యువతి ఆయనకు ఆనుకుని కూర్చుంది. రిజిస్ట్రేషన్‌కు పిలిచేలోగా పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. ఆమె కొంగు ముడి విప్పి బెల్లం ముక్క తీసి వాడి చేతిలో పెట్టింది. పసుపు పచ్చగా, ఎండలో మెరుస్తోంది. ఏ కొట్టుదో ఆయన రంగు చూసి చెప్పగలడు.

"అది గోడకు పనికిరాదమ్మా" అన్నాడు పైనుంచి.

ఆమె తల ఎత్తి చూసింది. "మాకు గోడలెక్కడివి తాతా? అద్దె ఇల్లు. ఇది పిల్లాడికి" అంది, వాడి మూతి తుడుస్తూ.

పిల్లాడు ఏడుపు మాని బుగ్గలో పెట్టుకుని చప్పరించసాగాడు. పరదేశినాయుడు దూలం బరువును మడమల్లోకి దించుకుని, వాడి మీద ఎండ పడకుండా కాస్త ఎడమకు సర్దుకుని నిలబడ్డాడు.